ఎలాగూ దింపాం కదా



అంబాసిడర్ ఏమైందని రెండు నెలలుగా అడుగుతూనే ఉన్నారు. కువైట్ నుంచి ఒకరు, దుబాయ్ నుంచి ఇద్దరు, అమ్మేశారా అని కూడా అడిగారు. అమ్మలేదు. ఇంజినూ గేర్‌బాక్సూ రెండూ దింపి, బాగు చేయించి, మళ్ళీ ఎక్కించాం. ఇప్పుడు బండి గుడి పక్కన రేకుల షెడ్డులో ఉంది. ఖర్చు లెక్క మొన్న ఆదివారం చదివి వినిపించాం. ఆ లెక్కలో పడని సంగతి ఒకటుంది. అది మా తప్పు. ఆదివారం గుడిలో ఉన్నవాళ్ళు విన్నారు, మీరు వినలేదు. మీ కోసమే ఇది రాస్తున్నాం.

మేము అంటే, మీరు అయ్యగారూ అమ్మగారూ అని పిలిచే మేమిద్దరం, సంఘపెద్దలు ఇద్దరు. బండి విషయంలో ఏ నిర్ణయమైనా నలుగురం కూర్చునే చేశాం. అందుకని తప్పులో వాటాలు వేసుకోకుండా మేము అనే రాస్తున్నాం.

బండి సంగతి పెద్దవాళ్ళకు తెలుసు, చిన్నవాళ్ళ కోసం నాలుగు మాటలు. అది 1987 మోడల్, మార్క్ ఫోర్, పెట్రోలు బండి. ప్రభుత్వ ఆఫీసులో తిరిగి తిరిగి వేలానికొస్తే 2003లో పాడుకున్నాం. అసలు ఈ కారు మూలం ఇంగ్లండుది, మోరిస్ ఆక్స్‌ఫర్డ్. ఆ నమూనా మీదే పశ్చిమ బెంగాల్లోని ఉత్తర్‌పారాలో 1950ల చివర నుంచి అంబాసిడర్లు చేశారు. 2014 మే నెలలో అక్కడ తయారీ ఆగిపోయింది. మన బండిలో ఉన్నది పాత 1489 సీసీ ఇంజిన్, స్టీరింగు పక్కన గేరు కర్ర, నాలుగు గేర్లు. మన లంకలో పెళ్ళికూతుళ్ళూ, పురిటికెళ్ళే ఆడవాళ్ళూ, పాము కరిచినవాళ్ళూ, ఆఖరి ప్రయాణం చేసినవాళ్ళూ అందరూ ఎక్కిన బండి అది.

దాన్ని మొదటి రోజు నుంచి నడిపింది మన బాబాయి. పేరు రాయం, ఎవరో మీకు తెలుసు. జీతమని ఇచ్చింది తక్కువ. పండక్కి బట్టలు, పంటకి నాలుగు బస్తాలు, అంతే. అర్ధరాత్రి తలుపు కొట్టినా తువ్వాలు భుజాన వేసుకుని వచ్చేవాడు.

2023 మార్చిలో ఒక రాత్రి ఏటిగట్టు ఎక్కే ర్యాంపు దగ్గర బండి ఆగిపోయింది. వెనక సీట్లో నొప్పులు పడుతున్న పిల్ల, పక్కన వాళ్ళమ్మ. ఇంజిన్ హోరుమంటోంది, బండి మాత్రం ముందుకు కదలదు. క్లచ్ జారిపోతోంది. నలుగురం దిగి నెట్టినా సగం దాకా వెళ్ళి వెనక్కొచ్చింది. చివరికి గట్టు మీద పోతున్న ఆటోని ఆపి పంపించాం. తల్లీబిడ్డా క్షేమం, దేవునికి స్తోత్రం. కానీ ఆ రాత్రి మాకు పట్టిన భయం తెల్లారేసరికి కోపమైంది. కోపానికి ఒక మనిషి కావాలి కదా. టౌనులో ఒక షెడ్డులో చూపిస్తే, క్లచ్ మీద కాలు ఆనించి నడిపితే ఇలాగే అవుతుందండి అన్నారు. ఆ ఒక్క మాట పట్టుకున్నాం. వారం తిరక్కుండా సంఘ కూటంలో, అందరి ముందూ, వయసు మీద పడి కాలు క్లచ్ మీంచి తీయడం లేదని, బండిని పాడు చేశాడని అన్నాం. తాళం తీసుకున్నాం. అక్కడితో ఆగకుండా, ఇకనుంచి బండికి కావాల్సినవాళ్ళు ఫలానా కుర్రాడికి ఫోన్ చేయండి, పాత డ్రైవరు వల్ల క్లచ్ కాలిపోయింది అని వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టాం. మీరంతా చదివే ఉంటారు.

బాబాయి అప్పుడు అన్నది ఒకటే. "లోపం బండిలో ఉందండి, నా కాల్లో లేదండి." తాళం బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. తర్వాత రొయ్యల చెరువు దగ్గర కాపలా పనికి కుదిరాడు. ఆదివారం గుడికి రావడం మానలేదు. ఆఖరి వరసలో కూర్చుని, ఆఖరి ప్రార్థన కాకముందే లేచి వెళ్ళిపోయేవాడు. మేము అది చూశాం. చూసీ ఊరుకున్నాం.

కుర్రాడు వచ్చాక కూడా క్లచ్ జారింది. అప్పటికైనా ఆలోచించాలి. ముందే కాల్చేశాడు కాబట్టి అని సరిపెట్టుకున్నాం. నిరుడు దసరా తర్వాత పొగ కూడా మొదలైంది. ర్యాంపు ఎక్కాలంటే ముందు జనం దిగాలి, తర్వాత బండి ఎక్కాలి. ఇక లాభం లేదని రావులపాలెం వైపు నుంచి ఒక పాత మేస్త్రిని పిలిపించాం. అంబాసిడర్ల మీదే జుట్టు నెరిసిన మనిషి. ఆయన బండి కింద దూరి, పావుగంటకి బయటికొచ్చి చేతులు తుడుచుకుంటూ చెప్పాడు. క్లచ్ ఒక్కటే అయితే గేర్‌బాక్స్ కిందికి దించి మార్చేయొచ్చు, కానీ వెనక నుంచి ఆయిలు కారుతోంది, పొగ ఉంది, రింగులు పోయాయి. రెండూ కలిపి పైకి లాగేద్దాం అని.

ఖర్చెంత అని అడిగాం. ముప్పై వేలు అన్నాడు. ఆ ముప్పై వేలే మేము సంఘంలో చెప్పింది. అయింది యాభై ఎనిమిది వేలు. ఎందుకయిందో ఇప్పుడు చెబుతాం.

నవంబరులో ఒక సోమవారం పొద్దున్నే పని మొదలైంది. గుడి వెనక చింతచెట్టు కింద ఇనప గొట్టాలతో మూడుకాళ్ళ స్టాండు నిలబెట్టి దానికి చైన్ పుల్లీ వేలాడదీశారు. ముందు బ్యాటరీ తీశారు. తర్వాత బానెట్టు. బానెట్టు తీసే ముందు మేస్త్రి కీలుల చుట్టూ మేకుతో గీత గీయించాడు, మళ్ళీ బిగించేటప్పుడు వెతుక్కోకుండా. రేడియేటరు నీళ్ళు, ఇంజినాయిలు, గేరాయిలు దించారు. రేడియేటరు తీశారు. సైలెన్సర్ గొట్టం, పెట్రోలు పైపు, కార్బొరేటరు తీగలు, సెల్ఫ్ వైర్లు, ఎర్తు పట్టీ, మీటరు కేబులు, గేరు కర్రకి పోయే కడ్డీలు ఒక్కొక్కటీ ఊడదీస్తూ వెళ్ళారు. ప్రతి వైరుకీ అమ్మగారు చిన్న కాగితం చుట్టి దారం కట్టారు, దాని మీద ఏది ఎక్కడిదో రాశారు. ఊడదీసిన ప్రతి బోల్టునీ దాని కన్నంలోనే రెండు చుట్లు తిప్పి వదిలేయమన్నాడు మేస్త్రి. మిగిలిన వాటికి ఇడ్లీ రేకులు తెప్పించాం, ఒక్కో గుంటలో ఒక్కో చోటి నట్లు. ఆ రేకులు ఇక ఇడ్లీకి పనికిరావు, అది కూడా ఖర్చు లెక్కలో ఉంది.

ప్రొపెల్లర్ షాఫ్టు విప్పేటప్పుడు రెండు చక్కీల మీదా కలిపి ఉలితో చిన్న గాటు పెట్టారు. మళ్ళీ అదే వాటంలో కూర్చోకపోతే బండి పరుగులో వణుకుతుందట. వేడి చూపించే మీటరు తీగ విషయంలో మాత్రం మేస్త్రి ఎవర్నీ చెయ్యి వేయనివ్వలేదు. ఆ సన్నటి రాగి గొట్టం ఒక్కసారి మడతపడితే మీటరు పోయినట్టే.

మధ్యాహ్నం మూడింటికి గొలుసు బిగిసింది. గేర్‌బాక్స్ కింద అడ్డదూలం విప్పగానే వెనక భాగం కిందికి వాలింది, ముందు భాగం పైకి లేచింది. నిటారుగా, కొమ్మకి వేలాడే పనసకాయలా, ఇంజినూ గేర్‌బాక్సూ కలిసి బండిలోంచి పైకొచ్చాయి. చూడ్డానికి వచ్చిన బడిపిల్లలు చప్పట్లు కొట్టారు. బండిని వెనక్కి నెట్టేసి, దాన్ని మెల్లగా పాత లారీ టైరు మీదికి దింపారు.

అప్పుడు మొదలైంది అసలు జబ్బు. దాని పేరు 'ఎలాగూ దింపాం కదా'.

ఎలాగూ దింపాం కదా, మౌంటింగు రబ్బర్లు కూడా మార్చేద్దాం. ఎలాగూ దింపాం కదా, ఇంజిన్ కూర్చునే గుంట కడిగి రంగు వేద్దాం. ఎలాగూ దింపాం కదా, స్టీరింగు పెట్టె ఒకసారి చూద్దాం. ఈ మాట అన్న ప్రతిసారీ వెయ్యో రెండు వేలో. కొన్ని నిజంగా అవసరమే. బ్లాకుకి ఇంజిన్ లోపల ఉండగా చెయ్యి దూరని చోట కోర్ ప్లగ్గు ఒకటి ఉంటుంది, నీళ్ళు ఆపే రేకు బిళ్ళ. మేస్త్రి దాన్ని స్క్రూడ్రైవరుతో అలా పొడిచాడంతే, చిల్లు పడింది. లోపలంతా తుప్పు, పైన రంగు మాత్రమే దాన్ని పట్టుకుని ఉంది. ఏ అర్ధరాత్రో అది ఊడితే నీళ్ళన్నీ రోడ్డు మీదే. ఇలాంటివి చేయించాల్సిందే. కానీ కొత్త సీటు కవర్లకి ఇంజిన్ దింపడానికీ సంబంధమేమిటో మాకు ఇప్పటికీ తెలియదు. అవి కూడా ఆ ఊపులోనే కుట్టించాం. ఎవరైనా పాత బండి ఇంజిన్ దింపుతుంటే మా సలహా ఒకటే. దింపితేనే చెయ్యగలిగే పనులు ఏవో ముందే కాగితం మీద రాసుకోండి, ఆ కాగితం దాటకండి.

మర్నాడు గేర్‌బాక్స్‌ని ఇంజిన్ నుంచి విడదీశారు. గంట ఆకారంలో ఉండే ఆ మూత లోపల అంతా నల్లటి మడ్డి. దాని అడుగున చిన్న కన్నం ఉంటుంది. కాస్త ఆయిలు చేరినా బయటికి కారిపోవడానికే ఆ కన్నం. అది పూడుకుపోకుండా అందులో ఒక చీలిక పిన్ను వేలాడుతూ అటూ ఇటూ ఊగుతుంటుంది. మన బండిలో ఆ పిన్ను కదలడం లేదు. మట్టితో గట్టిపడి, సిమెంటు పోసినట్టు మూసుకుపోయింది. వరద మట్టి అన్నాడు మేస్త్రి, వాసన చూసి.

క్లచ్ ప్లేటు తీసి చేతికిచ్చాడు. ఆయిల్లో నాని, వేడికి మాడి, అట్లపెనం వెనకవైపులా ఉంది. "కాలిపోయిందా?" అన్నాం. ఆయన జేబులోంచి చిన్న కొలబద్ద తీసి అంచు దగ్గర పెట్టాడు. "మందం చూడండి. సగానికి పైన ఉందండి. అరగలేదు. ఆయిలు తాగి జారిందంతే." తర్వాత క్లచ్ నొక్కే బేరింగు తీశాడు. మన బండిలో అది గుళ్ళ బేరింగు కాదు, ఇనప గిన్నెలో కూర్చోబెట్టిన నల్లటి కార్బన్ ఉంగరం. పెడలు తొక్కినప్పుడల్లా తిరిగే పలకకి రాసుకుంటుంది కాబట్టి, కాలు ఆనించి నడిపేవాళ్ళ బండిలో ముందు అరిగిపోయేది అదే. దాన్ని బొటనవేలితో తుడిచి చూపించాడు. ఉంగరం నిండుగా ఉంది.

"ఈ బండి నడిపింది ఎవరండీ?" అని అడిగాడు.

మేము ఎవరి మొహాలు వాళ్ళం చూసుకున్నాం.

తర్వాతి మాట ఇంకా బరువుగా తగిలింది. గేర్‌బాక్స్ మూత విప్పి ఫస్ట్ గేరు పళ్ళ మీద టార్చి వేశాడు. ఈ పాత పెట్టెల్లో రెండు, మూడు, నాలుగు గేర్లకే ఇత్తడి సింక్రో రింగులుంటాయి. ఫస్టుకి ఉండదు. బండి పూర్తిగా ఆగకుండా ఫస్టులోకి తోస్తే గరగరమని పళ్ళు కొరుక్కుంటాయి, మూలలు రాలిపోతాయి. సెకండ్ గేరు రింగు అరిగింది. లేషాఫ్టు మీద గుంటలు పడ్డాయి. ఆ వయసుకి అవి సహజమే, రెండూ మార్చాం. కానీ ఫస్ట్ గేరు పళ్ళ అంచులు మాత్రం దాదాపు చెక్కుచెదరలేదు. ఇరవై ఏళ్ళు బండిని పూర్తిగా ఆపి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు గేరు వేసిన చెయ్యి అది. మేము ఆ పక్క సీట్లోనే కూర్చున్నాం అన్నేళ్ళూ. ఎప్పుడూ గమనించలేదు.

మరి ఆయిలు ఎక్కణ్ణుంచి వచ్చింది? ఈ ఇంజిన్ తీరు కొంచెం చెప్పాలి. క్రాంకు షాఫ్టు వెనక చివర దీనికి రబ్బరు సీలు ఉండదు. బదులుగా షాఫ్టు మీద మరచుట్టులా గాడి చెక్కి ఉంటుంది. షాఫ్టు తిరుగుతుంటే ఆ గాడి బయటికి రాబోయే ఆయిల్ని మళ్ళీ లోపలికి తోసేస్తుంది. కాబట్టి ఇంజిన్ ఆగాక రెండు మూడు చుక్కలు ఎప్పుడూ పడతాయి. కానీ ఈ ఏర్పాటు పని చెయ్యాలంటే ఇంజిన్ లోపల గాలి ఒత్తిడి పెరగకూడదు. పిస్టన్ల పక్కనుంచి కిందికి జారే ఆవిరి పోవడానికి ట్యాపెట్ల పక్క మూత నుంచి ఒక గొట్టం కిందికి వేలాడుతుంది. అది ఊపిరి గొట్టం. కుక్కరు విజిలు మూసేస్తే ఆవిరి రబ్బరు పక్కనుంచి తన్నుకొస్తుంది చూడండి, ఈ గొట్టం మూసుకుపోతే ఆయిలు కూడా అలాగే వెనక గాడి దాటి వచ్చేస్తుంది. వచ్చింది కారిపోవాల్సిన కన్నం పూడుకుపోయింది. ఇక మిగిలింది క్లచ్ ప్లేటే.

మేస్త్రి ఆ గొట్టం విప్పి ఊదాడు. గాలి పోలేదు. సన్న కడ్డీ పెట్టి పొడిచి లాగితే, గట్టిగా కుక్కిన గుడ్డ ముద్ద బయటికొచ్చింది. నల్లగా, జిడ్డుగా ఉంది. కుర్రాడు దాన్ని కిరోసిన్‌లో ముంచి పిండాడు. మడత లోపల నీలం రంగు, తెల్ల పూలు.

అమ్మగారు అక్కడే ఉన్నారు. "అది నా చీర" అన్నారు.

2022 జూలై గోదావరి వరద మీకందరికీ గుర్తే. భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటిన ఏడు. లంకలన్నీ మునిగిన ఆ వారంలో బాబాయి కూతురి ఊళ్ళో చిక్కుకుపోయి ఉన్నాడు. మందులూ, పాలపొడీ తేవడానికి బండి మేమే తీశాం. కాజ్‌వే మీద మోకాలి లోతు నీళ్ళు. ఎవరో ఫోన్లో చెప్పారు, ఫ్యాను బెల్టు తీసెయ్యండి, కిందికున్న గొట్టాలకి గుడ్డ కుక్కండి అని. అలాగే చేశాం. పాత చీర చింపి కుక్కింది మా చేతులే. దాటాక ఫ్యాను బెల్టు తిరిగి వేశాం, అది లేకపోతే ఇంజిన్ మరిగిపోతుంది కాబట్టి గుర్తుంది. గుడ్డ మరిచిపోయాం. పై మూతకున్న ఇంకో సన్న గొట్టం అప్పటికే మడ్డితో సగం పూడుకుపోయి ఉంది. ఇక ఇంజిన్‌కి ఊపిరాడలేదు. ఆర్నెల్లకల్లా క్లచ్ జారడం మొదలైంది.

అంటే తప్పు చేసింది మేము. తాళం పోయింది బాబాయిది.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఎవరం పెద్దగా మాట్లాడుకోలేదు. పెద్దల్లో ఒకరు, పోయినదేదో పోయింది, బండి బాగయ్యాక తాళం ఇచ్చేస్తే సరిపోతుంది కదా అన్నారు. మనసుకి ఆ మాట హాయిగానే ఉంది. నిజం చెప్పాలంటే ఒక రాత్రంతా దాన్నే పట్టుకుని పడుకున్నాం. తెల్లారేసరికి అది నిలబడలేదు.

ఇంజిన్ పని అటు నడుస్తూనే ఉంది. బ్లాకుని రాజమండ్రి లేతుకి తీసుకెళ్ళారు. బోరు పైభాగంలో గోరుకి తగిలేంత మెట్టు పడింది. ఈ ఇంజిన్ బోరు కొత్తగా ఉన్నప్పుడు 73 మిల్లీమీటర్ల పైచిలుకు. 'ట్వంటీ' సైజుకి కోయించాం. అంటే అంగుళంలో వెయ్యోవంతులు ఇరవై, సుమారు అర మిల్లీమీటరు. దానికి తగ్గ పిస్టన్లు, రింగులు దొరికాయి. క్రాంకు గ్రైండింగు, మూడు మెయిన్ బేరింగులు, నాలుగు కనెక్టింగు రాడ్ల బేరింగులు, వాల్వుల గ్రైండింగు. ఇదంతా లెక్కల కాగితంలో ఉంది, ఇక్కడ మళ్ళీ రాయం.

గురువారం రాత్రి చెరువు దగ్గరికి వెళ్ళాం. నలుగురమూ. గుడ్డ ముక్కని ఒక కవరులో, కార్బన్ ఉంగరాన్ని ఇంకో కవరులో పెట్టుకుని వెళ్ళాం. గాలి చక్రాలు నీళ్ళని చిమ్ముతున్నాయి. బాబాయి పాక ముందు మంచం మీద కూర్చుని ఉన్నాడు, పక్కన పిన్ని చేపలు తోముతోంది. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు.

"ఇంజిన్ దింపారంట కదండి. రింగులు మార్చారాండి?" అదే మొదటి మాట.

మార్చామన్నాం. బోరు కోయించామన్నాం. ఏ సైజు అన్నాడు. చెప్పాం. తల ఊపాడు. అప్పుడు కార్బన్ ఉంగరం చేతికిచ్చాం. టార్చి వెలుగులో తిప్పి చూశాడు. ఏమీ అనలేదు. గుడ్డ ఇచ్చాం. ఎక్కడ దొరికిందో చెప్పాం. ఎవరు కుక్కారో చెప్పాం. తప్పు మాది, నిన్ను అన్న మాటలు అబద్ధం, క్షమించమని అడిగాం.

చాలాసేపు చక్రాల చప్పుడే. తర్వాత ఆయన అన్నాడు, "నేనూ చూడాల్సిందండి. రోజూ బండి తీసే ముందు ఆ గొట్టం చివర వేలు పెట్టి తడిమేవోణ్ణి. వరద తర్వాత ఎందుకో తడమలేదండి." మాకున్న సిగ్గు చాలనట్టు, దాంట్లోంచి కాస్త తన మీద వేసుకుంటున్నాడు.

పిన్ని మాత్రం చేపలు తోమడం ఆపి లేచింది. "అయ్యగారూ, ఒక మాటండి. ఆ రోజు అందరిలో అన్నారు. ఫోన్లల్లో పెట్టారు. మా అల్లుడు మస్కట్‌లో చదివాడు, మీ నాన్న బండి కాల్చేశాడంట కదా అని మా పిల్లని అడిగాడు. ఇప్పుడు చీకట్లో వచ్చి మా ఇద్దరికీ చెప్తే, అది ఎవరికి తెలుస్తాదండి?"

బాబాయి ఊరుకోమన్నాడు. ఆవిడ ఊరుకోలేదు. ఆవిడ అన్నది న్యాయం. ఎంత దూరం అన్నామో అంత దూరం తిరిగి చెప్పాలి. అందుకే ఆదివారం లెక్కలు చదివే ముందు ఇది చెప్పాం. వాట్సాప్ గ్రూపులో నిన్న రాత్రి పెట్టాం. ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాం. మస్కట్‌లో ఉన్న అల్లుడుగారూ, మీరు ఇది చదివితే దయచేసి ఇంట్లో కూడా చదివి వినిపించండి. మీ మావయ్య బండి పాడు చెయ్యలేదు. పాడు చేసింది మేము. బండి అన్నేళ్ళు నిలిచింది మీ మావయ్య చేతి వల్ల.

బిగించే రోజుకి బాబాయిని రమ్మని అడిగాం. చెరువు యజమానిని అడిగి పగటిపూట వచ్చాడు. కొత్త క్లచ్ ప్లేటుని సరిగ్గా మధ్యకి కూర్చోబెట్టడానికి మేస్త్రి పాత గేర్‌బాక్స్ షాఫ్టు ముక్క ఒకటి తెచ్చుకున్నాడు. ప్లేటు ఏమాత్రం పక్కకున్నా గేర్‌బాక్స్ లోపలికి దూరదు. మనకు దూరలేదు. రెండుసార్లు. మూడోసారి బాబాయి వెనక నుంచి షాఫ్టు చక్కీని చేత్తో రవ్వంత తిప్పాడు, టక్కుమని కూర్చుంది. మేస్త్రి అతని వైపు చూసి నవ్వాడు. వాళ్ళిద్దరికీ మా అవసరం లేదని అప్పుడే అర్థమైంది.

ఎక్కించాక ట్యాపెట్లు సరిచేసింది కూడా బాబాయే. ఎనిమిది వాల్వులు, ఎడం పదిహేను థౌ. దీనికి తొమ్మిది లెక్క అని ఒకటుంది, ఆదివారపు బడి పిల్లల్ని పిలిచి మరీ చూపించాడు. ఎనిమిదో వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఒకటోది సరిచెయ్యాలి, ఆరోది తెరుచుకుంటే మూడోది. ఏది తెరిచి ఉందో చూడు, తొమ్మిదిలోంచి తీసెయ్యి, మిగిలిందే నీ పని. పిల్లలు అది పాటలా పాడుకుంటూ తిరిగారు రెండ్రోజులు.

స్టార్టు చేసే ముందు ప్లగ్గులు తీసేసి, ఆయిలు మీటరు ముల్లు లేచేదాకా సెల్ఫ్ తిప్పారు. ప్లగ్గులు వేశాక రెండో ప్రయత్నానికే అందుకుంది. కాసేపు నీలం పొగ, తర్వాత ఏమీ లేదు. మొదటి 800 కిలోమీటర్లు గంటకి యాభై దాటొద్దని, తర్వాత ఆయిలు మార్చాలని మేస్త్రి చెప్పి వెళ్ళాడు. ఏటిగట్టు ర్యాంపు మాత్రం ఆ సాయంత్రమే ఎక్కించి చూశాం. ఏడుగురం లోపలే కూర్చుని ఎక్కాం. ఎవరూ దిగలేదు.

తాళం ఇచ్చాం. బాబాయి తీసుకోలేదు. రొయ్యల పట్టుబడి అయ్యేదాకా మాట ఇచ్చానండి, మధ్యలో వదిలేస్తే ఆయన నష్టపోతాడండి అన్నాడు. పట్టుబడి తర్వాత వస్తాడా అంటే, చూద్దామండి అన్నాడు. అంతకు మించి మేము అడగలేదు. పిన్ని ఇంకా మాతో సరిగ్గా మాట్లాడటం లేదు. ఆదివారం మాత్రం ఇద్దరూ ఆఖరి ప్రార్థన దాకా ఉన్నారు.

రోజూ సాయంత్రం చెరువుకి వెళ్ళే దారిలో ఆయన షెడ్డు దగ్గర ఒక నిమిషం ఆగుతున్నాడు. బండి కింద మేము ఒక అట్టముక్క పరిచి పెట్టాం. నిన్న దాని మీద రెండు చుక్కలున్నాయి. వంగి అది చూసి, ముందు చక్రం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, చెయ్యి లోపలికి పోనిచ్చి ఆ గొట్టం చివర వేలుతో తడిమాడు. వేలు తువ్వాలుకి తుడుచుకుని సైకిలెక్కి వెళ్ళిపోయాడు.